తెరకెక్కిన నేరకథ – 7వ భాగం: హంతకుడెవరో ముందే తెలిసిన కథలు

గత భాగంలో పరిశీలించిన షెర్లాక్ హోమ్స్, హెర్క్యూల్ పాయిరో కథలు బుల్లితెరపై అంతగా రాణించడానికి ముఖ్యకారణం వాటి అల్లికలోనే ఉంది. హత్య జరుగుతుంది, అనుమానితులు ఒక్కొక్కరే ముందుకు వస్తారు, చివరికి డిటెక్టివ్ అందరినీ ఒకచోట చేర్చి చిక్కుముడి విప్పుతాడు. పాదముద్ర, విషపు సీసా, చిరిగిన ఉత్తరం వంటి ఆధారాలన్నీ కంటికి కనిపించేవే కాబట్టి, నవలా రచయిత పేజీలో దాచినదాన్ని దర్శకుడు ఫ్రేములో ఒక మూలన దాచగలిగాడు. 1984లో జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా, 1989లో డేవిడ్ సూషే పాయిరోగా కనిపించిన ధారావాహికలు మూలకథలకు దగ్గరగా ఉంటూనే విజయం సాధించడం వెనుక ఈ సౌలభ్యం ఉంది.

అయితే ఇదే కాలంలో బ్రిటిష్ టెలివిజన్ మరో తరహా నవల వైపు కూడా అడుగులు వేసింది. నేరం ఎవరు చేశారన్న ప్రశ్నను పక్కకు నెట్టి, ఎందుకు చేశారు, చేయడానికి ముందు ఆ మనిషిలో ఏమేమి పేరుకున్నాయి, చేసిన తర్వాత ఏమి మిగిలింది అన్నవాటినే కథావస్తువుగా తీసుకునే ఈ నవలను విమర్శకులు మనస్తత్వ నేరనవల అంటారు. ఇందులో ఆధారాలు గదిలో ఉండవు, మనసులో ఉంటాయి. నవలాకారుడు ఒక వాక్యంతో పాత్ర తలలోకి దూరిపోగలడు గాని, కెమెరా ఎంత దగ్గరికి వెళ్లినా ముఖం దగ్గర ఆగిపోవలసిందే. ఈ అవరోధాన్ని దాటడానికి టెలివిజన్ దాదాపు 70 ఏళ్లుగా చేస్తూ వచ్చిన ప్రయత్నాల చరిత్రను చూస్తే, మనసును మాటల్లో విప్పిచెప్పబోయినప్పుడల్లా అది ఎంతో కొంత తడబడిందనీ, తన చేతిలో ఉన్న నిడివినీ, కాలాన్ని ముందు వెనుకలు చేసే స్వేచ్ఛనూ నమ్ముకున్నప్పుడే నవలకు దీటుగా నిలిచిందనీ తెలుస్తుంది.

తలకిందులైన కథ

ఈ తరహా రచనకు మూలపురుషుడిని వెతికితే చూపు 1866లో వెలువడిన దోస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' దగ్గర ఆగుతుంది. ఆరు భాగాల ఆ నవలలో వడ్డీవ్యాపారి వృద్ధురాలి హత్య మొదటి భాగంలోనే ముగిసిపోతుంది. మిగిలిన అయిదు భాగాలూ రస్కోల్నికోవ్ అనే విద్యార్థి ఆ హత్యను మోయలేక పడే యాతనే. విచారణాధికారి పొర్ఫిరీ పెత్రోవిచ్‌కు నేరస్తుడెవరో తెలుసు. అతడు ఆధారాల కోసం కాక, ఎదుటివాడి మనసు తనంతట తాను విరిగే ఘడియ కోసం కాచుకుని ఉంటాడు.

ఇంగ్లండులో ఈ పద్ధతిని డిటెక్టివ్ నవల నడిబొడ్డుకు తెచ్చినవాడు ఆంథొనీ బర్క్‌లీ కాక్స్. స్వయంగా పేరు మోసిన డిటెక్టివ్ నవలాకారుడైన ఆయన, 1930లో వెలువడిన 'ది సెకండ్ షాట్' నవలకు రాసిన ముందుమాటలో, ఇకపై నేరకథ కాలం, స్థలం, అవకాశం చుట్టూ తిరిగే పజిల్‌గా గాక మనిషి స్వభావం చుట్టూ తిరిగే పజిల్‌గా మారబోతోందని ఊహించాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్సిస్ ఐల్స్ అనే మారుపేరుతో 'మాలిస్ ఎఫోర్‌థాట్' రాసి ఆ ఊహను తానే నిజం చేశాడు. డెవన్ ప్రాంతపు పల్లెలో వైద్యం చేసుకునే డాక్టర్ బికిలీ భార్యను చంపాలని నిశ్చయించుకున్నాడన్న సంగతిని నవల తొలి వాక్యంలోనే చెప్పేసి, అక్కడి నుంచి ఆ పిరికి, డాంబికపు మనిషి తన హత్యను తాను ఎలా సమర్థించుకుంటాడో ఎగతాళి మిళాయించి చూపుతుంది. 1932లో అదే మారుపేరుతో వచ్చిన 'బిఫోర్ ది ఫ్యాక్ట్' మరో అడుగు ముందుకు వేసి, కథను హంతకుడి వైపు నుంచి గాక, భర్త తనను చంపబోతున్నాడని తెలిసీ అతణ్ణి వదలలేని భార్య వైపు నుంచి నడిపింది.

ఈ రెండో నవలకు సినిమాలో పట్టిన గతి తరువాతి చరిత్రకు హెచ్చరిక వంటిది. 1941లో హిచ్‌కాక్ దాన్ని 'సస్పిషన్'గా తీసినప్పుడు భర్త పాత్రలో కేరీ గ్రాంట్ ఉన్నాడు. నవలలో భార్య ఆ పానీయంలో విషముందని తెలిసే తాగుతుంది. సినిమాలో భర్త నిర్దోషి, అనుమానమంతా ఆమె భ్రమ. ఈ ముగింపుతో మారింది కథలోని ఒక సంఘటన మాత్రమే కాదు. నవల ప్రాణమైన ప్రశ్న, అంటే తెలిసి తెలిసి మనిషి తన చావుకు ఎందుకు తలవంచుతాడన్నది, పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

అరగంటలో అపరాధం

టెలివిజన్ ఇంటింటికీ చేరిన 1950ల అమెరికాలో ఇటువంటి కథలకు పెద్ద వేదిక అయినది 'ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్'. 1955 అక్టోబరులో సీబీఎస్‌లో మొదలై, 1962లో గంట కార్యక్రమంగా పెరిగి, 1965 వరకు నడిచిన ఈ వరుసలో వారం వారం కొత్త కథ, కొత్త పాత్రలు వచ్చేవి. ప్రకటనల సమయం పోగా మిగిలే అరగంటలోపు నిడివిలో మనసు లోతులు తవ్వే వీలు లేదు కాబట్టి, ఎక్కువ భాగం కథలు చివరి నిమిషపు కొసమెరుపు మీద ఆధారపడ్డాయి.

నిడివి కన్నా గట్టి సంకెల మరొకటి ఉండేది. అమెరికన్ టెలివిజన్ పాటించిన నియమావళి ప్రకారం నేరస్తుడు శిక్ష తప్పించుకున్నట్టు చూపడం నిషిద్ధం. కథలో మాత్రం హంతకుడు చల్లగా జారుకునేవాడు. ఈ చిక్కును హిచ్‌కాక్ ముగింపు పలుకులతో దాటేవాడు. రొవాల్డ్ డాల్ కథ ఆధారంగా 1958లో వచ్చిన 'లాంబ్ టు ది స్లాటర్' దీనికి చక్కని ఉదాహరణ. గడ్డకట్టిన గొర్రె తొడతో భర్త తల పగలగొట్టిన గృహిణి, అదే మాంసాన్ని వండి, ఆయుధం కోసం ఇల్లంతా వెతుకుతున్న పోలీసులకు వడ్డిస్తుంది. కథ ఆమె నవ్వుతో ముగుస్తుంది. ఆ వెంటనే హిచ్‌కాక్ తెర ముందుకు వచ్చి, ఆమె రెండో భర్తను కూడా ఇలాగే చంపబోయి పట్టుబడిందనీ, ఆ మతిమరుపు మొగుడు ఫ్రీజర్ ప్లగ్గు పెట్టడం మరచిపోయినందువల్ల మాంసం మెత్తబడి ఉండిందనీ గంభీరంగా ప్రకటిస్తాడు. నియమం పాటించినట్టూ అయింది, దాన్ని వెక్కిరించినట్టూ అయింది. కాని ఆ గృహిణి మనసులో ఆ సాయంత్రం ఏమి జరిగిందన్నది మాత్రం ఆ నవ్వు వెనుకే ఉండిపోయింది.

పెట్రీషియా హైస్మిత్ వంటి రచయిత్రి నవలలు ఇంత ఇరుకు నిడివిలో ఇమడడం మరీ కష్టం. ప్రేమించిన స్త్రీ వేరొకరిని పెళ్లాడినా ఆమె తనదేనన్న భ్రమలో, ఆమె కోసం రహస్యంగా ఇల్లు సమకూర్చుకునే యువకుడి కథ 'దిస్ స్వీట్ సిక్‌నెస్' 1960లో వెలువడగా, దాన్ని రెండేళ్లకే హిచ్‌కాక్ గంట కార్యక్రమంలో 'ఆనబెల్' పేరుతో ఒకే భాగంగా చూపారు. పుస్తకంలో భ్రమ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ముదురుతుంది. గంటలో చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ముదరడమే ముందుగా తెగిపోయే భాగం.

దోస్తోయెవ్‌స్కీ వారసత్వం అమెరికన్ టెలివిజన్‌కు మరో దారిలోనూ చేరింది. 1971 నుంచి వరుసగా ప్రసారమైన 'కొలంబో'లో ప్రేక్షకుడు హత్యను మొదటే కళ్లారా చూస్తాడు. నలిగిన కోటు తొడుక్కున్న పోలీసు అధికారి హంతకుణ్ణి ఎలా చుట్టుముడతాడన్నదే ఆ తర్వాతి కథ. తమ అధికారికి పొర్ఫిరీ పెత్రోవిచ్ ప్రేరణ అని సృష్టికర్తలు లెవిన్‌సన్, లింక్ స్వయంగా చెప్పారు. అయితే వారు పొర్ఫిరీని తీసుకున్నారే గాని రస్కోల్నికోవ్‌ను తీసుకోలేదు. హంతకుడు ప్రతి కథకూ మారేవాడు, అధికారి మాత్రం మారలేదు. ప్రతిసారీ ఒక కొత్త కథ చెప్పే వరుసకు ఎప్పుడూ ఉండే ఒక ముఖం కావాలి, ఆ ముఖం చట్టం వైపుదై ఉండాలి. ఈ అవసరమే మనస్తత్వ నేరనవలకు టెలివిజన్‌లో చాలాకాలం అడ్డుగోడగా నిలిచింది.

సిరీస్, సీరియల్

ఇక్కడ రెండు రూపాల తేడా స్పష్టం చేసుకోవాలి. ఒకే ప్రధాన పాత్ర ఉండి, ప్రతి భాగంలో ఒక కథ మొదలై ముగిసేది సిరీస్. ఒకే కథ కొన్ని వారాల పాటు సాగి అంతటితో ఆగిపోయేది సీరియల్. తెలుగు వారపత్రికల్లో ధారావాహిక నవలకు, పేజీ మారకుండా వచ్చే శీర్షికకు ఉన్న తేడా వంటిదే ఇది. బీబీసీ తొలినుంచీ పెద్ద నవలలను సీరియల్‌గా చూపడంలో అనుభవం గడించింది. ప్రేక్షకులు చెల్లించే లైసెన్సు రుసుముతో నడిచే సంస్థ కావడం వల్ల ప్రకటనల విరామాలకు తగినట్టు కథను ముక్కలు చేయవలసిన పని దానికి లేదు.

1979లో బీబీసీ ఈ బాటలో రెండు అడుగులు వేసింది. జాన్ హర్ట్ రస్కోల్నికోవ్‌గా 'నేరము-శిక్ష' మూడు భాగాలుగా వచ్చింది; హైవెల్ బెనెట్ డాక్టర్ బికిలీగా 'మాలిస్ ఎఫోర్‌థాట్' నాలుగు భాగాలుగా వచ్చింది. రెండింటిలోనూ కథకు కేంద్రం హంతకుడే. ప్రేక్షకుడు వారాల తరబడి అతడి సహవాసంలోనే ఉండవలసి వచ్చింది. దోషితో ఇంతసేపు గడపడం వల్ల పుట్టే ఇబ్బందికరమైన సానుభూతి, దొరికిపోతాడేమోనన్న ఆదుర్దా, దొరికితే బాగుండునన్న కోరిక, ఈ మూడూ ఒకేసారి కలగడమే మనస్తత్వ నేరనవల పాఠకుడికిచ్చే అసలు అనుభవం. అది తెరమీద సాధ్యమేనని ఈ సీరియళ్లు చూపాయి.

రెండు పేర్ల రచయిత్రి

ఈ చరిత్రలో అత్యధిక ప్రాధాన్యం దక్కవలసిన రచయిత్రి రూత్ రెండెల్. 1930లో ఎసెక్స్ ప్రాంతంలో పుట్టిన ఆమె తొలుత స్థానిక పత్రికలో విలేకరి. ఒక టెన్నిస్ క్లబ్బు విందుకు హాజరు కాకుండానే వార్త రాసి పంపగా, ఆ విందులో వక్త ప్రసంగం మధ్యలోనే కుప్పకూలి మరణించిన సంగతి ఆ వార్తలో లేకపోవడంతో ఆమె ఉద్యోగం వదులుకోవలసి వచ్చిందన్నది ప్రసిద్ధ కథనం. 1964లో 75 పౌండ్ల పారితోషికంతో వెలువడిన తొలి నవల 'ఫ్రమ్ డూన్ విత్ డెత్'లోనే ఇన్‌స్పెక్టర్ వెక్స్‌ఫర్డ్ పాత్రను ప్రవేశపెట్టింది. ఆ వరుస నవలలతో పాటు, పోలీసులకు పెద్దగా చోటులేని నవలలను కూడా మొదటినుంచీ రాస్తూ వచ్చింది.

ఆ రెండో కోవకు చెందిన వాటిలో 1977 నాటి 'ఎ జడ్జిమెంట్ ఇన్ స్టోన్' తలమానికం. హంతకి ఎవరో, చనిపోయింది ఎవరో, కారణమేమిటో మూడింటినీ మొదటి వాక్యంలోనే బయటపెట్టేసి, ఆ తర్వాత కూడా పాఠకుణ్ణి కట్టిపడేసే నవల అది. సంపన్న కుటుంబంలో పనికి కుదిరిన యూనిస్ పార్చ్‌మన్‌కు చదవడం, రాయడం రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదన్నదే ఆమె జీవితానికి ఏకైక లక్ష్యం. యజమానురాలు మాటవరసకు రాసిపెట్టి వెళ్లిన చీటీ కూడా ఆమెకు ప్రాణగండమే. ఆమె సుఖం గదిలో పెట్టిన టెలివిజన్ ఒక్కటే. ఆ కుటుంబమంతా ప్రేమికుల రోజు సాయంత్రం టెలివిజన్‌లో ఒపెరా చూస్తూ ఉండగా హతమవుతుంది. దయగల యజమానులు తమకు తెలియకుండానే పనిమనిషిని అవమానించే తీరును ఈ నవల చూపినంత నిర్దాక్షిణ్యంగా చూపిన రచనలు అరుదు. దీన్ని సినిమా రెండుసార్లు అందుకుంది. 1995లో ఫ్రెంచి దర్శకుడు క్లోద్ షాబ్రోల్ తీసిన 'లా సెరెమనీ' వాటిలో ప్రఖ్యాతమైనది.

టెలివిజన్ మాత్రం రెండెల్ దగ్గరికి వెక్స్‌ఫర్డ్ కోసమే వచ్చింది. అప్పట్లో బ్రిటన్ వాణిజ్య టెలివిజన్ అయిన ఐటీవీ ప్రాంతీయ కంపెనీల సముదాయంగా ఉండేది. ఇంగ్లండు దక్షిణ, ఆగ్నేయ ప్రాంతాల లైసెన్సు టీవీఎస్ అనే కంపెనీది. వెక్స్‌ఫర్డ్ పనిచేసే కింగ్స్‌మార్కమ్ ఆ ప్రాంతంలోని ససెక్స్‌లో ఉన్నట్టు రెండెల్ కల్పించిన పట్టణం. దానికి హాంప్‌షైర్‌లోని రొమ్సీ పట్టణం తెరమీద రూపమిచ్చింది. 1987లో 'వుల్ఫ్ టు ది స్లాటర్'తో మొదలైన ఈ వరుసలో జార్జ్ బేకర్ వెక్స్‌ఫర్డ్‌గా, క్రిస్టఫర్ రేవెన్స్‌క్రాఫ్ట్ అతడి సహచరుడు బర్డెన్‌గా ప్రేక్షకులకు ఇంటిమనుషులయ్యారు. ఒక్కో నవలకు రెండు, మూడు, నాలుగు వారాల నిడివి దొరకడం వల్ల, సిరీస్ రూపంలోనే సీరియల్ గుణం కొంత చేరింది. అయినా ప్రతి రహస్యమూ చివరకు వెక్స్‌ఫర్డ్ దయగల కళ్ల గుండానే బయటపడేది. నేరస్తుడి లోకం ఎంత చీకటిదైనా, ప్రేక్షకుడి చేయి పట్టుకుని వెలుగులోకి నడిపించే పెద్దదిక్కు ఒకడుండేవాడు.

డిటెక్టివ్ లేని మూడు రాత్రులు

1986లో రెండెల్ తన మధ్యనామమైన బార్బరాకు ముత్తవ్వ పుట్టింటి పేరు వైన్ జోడించి మారుపేరు సృష్టించుకుంది. ఈ పేరుతో ఆమె రాసిన 14 నవలల్లో తొలిది 'ఎ డార్క్-అడాప్టెడ్ ఐ'. అమెరికన్ రహస్య రచయితల సంఘమిచ్చే ఎడ్గర్ పురస్కారం దానికీ, బ్రిటిష్ నేరరచయితల సంఘమిచ్చే గోల్డ్ డాగర్ 1987 నాటి 'ఎ ఫేటల్ ఇన్వర్షన్'కూ దక్కాయి. వెక్స్‌ఫర్డ్ ఐటీవీ సొత్తు అయితే, వైన్ నవలలు బీబీసీకి వెళ్లాయి: 1992లో 'ఎ ఫేటల్ ఇన్వర్షన్', 1993లో 'గాలోగ్లాస్', 1994లో 'ఎ డార్క్-అడాప్టెడ్ ఐ'. మూడింటికీ దర్శకుడు టిమ్ ఫైవెల్. ఒకే రచయిత్రికి చెందిన రెండు ముఖాలు ఒకే కాలంలో పోటీ సంస్థల తెరలపై కనిపించిన అరుదైన సందర్భమిది.

'ఎ ఫేటల్ ఇన్వర్షన్' కథను కొంచెం దగ్గరగా చూడడం అవసరం. 1976లో బ్రిటన్‌ను ఎండలు, అనావృష్టి పీడించిన వేసవిలో, బంధువైన ఒక పెద్దాయన వదిలిన ఆస్తిగా సఫోక్ ప్రాంతపు బంగళా ఒకటి పందొమ్మిదేళ్ల ఆడమ్ చేతికి వస్తుంది. అతడు, స్నేహితుడు రూఫస్, భారతీయ మూలాలున్న శివ, ఇద్దరు యువతులు అక్కడ ఏ బాధ్యతా లేని స్వర్గం ఒకటి ఏర్పరచుకుంటారు. పదేళ్ల తర్వాత ఆ ఇంటి కొత్త యజమానులు తమ పెంపుడు కుక్కను పూడ్చడానికి తోటలోని జంతువుల శ్మశానంలో గొయ్యి తవ్వితే, ఒక స్త్రీ, ఒక పసిబిడ్డ ఎముకలు బయటపడతాయి. అప్పటికి ఆడమ్ ఒక బిడ్డకు తండ్రి, రూఫస్ పేరున్న వైద్యుడు, శివ జాతివిద్వేషం నిండిన లండన్ వీధిలో బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నవాడు. ముగ్గురూ ఒకరికొకరు కనిపించకుండా తప్పించుకు తిరుగుతూ వార్తాపత్రికలు వెతుకుతుంటారు.

ఇందులో రహస్యం హంతకుడిది కాదు. చనిపోయిన స్త్రీ ఎవరన్నదీ, ఆ రోజు ఏమి జరిగిందన్నదీ రహస్యాలు. నవలలో ఈ దాపరికం చక్కగా సాగుతుంది, ఎందుకంటే ఆడమ్ ఆ వేసవిని తలచుకోవడానికి భయపడతాడు. జ్ఞాపకం తలెత్తినప్పుడల్లా కంప్యూటరులో ఎస్కేప్ మీట నొక్కినట్టు మనసును అక్కడి నుంచి తప్పించేస్తాడు. రచయిత్రి విషయం దాచిపెడుతున్నట్టు గాక, పాత్రే తన నుంచి తాను దాచుకుంటున్నట్టు ఉంటుంది. అంటే కథలోని ఉత్కంఠ, పాత్ర మనస్తత్వం ఒకే తీగకు కాసిన కాయలు.

తెరమీద ఈ ఎస్కేప్ మీట పని చేయవలసింది ఎడిటింగ్. గతాన్ని తిరిగి చూపే ఫ్లాష్‌బ్యాక్ అప్పటికే పాతబడిన ఉపకరణం. సాధారణంగా అది సాక్షి చెప్పిన మాటకు బొమ్మ కట్టేది, అందుకే నమ్మదగినదిగా ఉండేది. శాండీ వెల్ష్ స్క్రీన్‌ప్లే రాసిన ఈ మూడు భాగాల సీరియల్‌లో 1976, పదేళ్ల తర్వాతి కాలం రెండూ సరిసమానంగా ఒకదాన్నొకటి తోసుకుంటూ నడుస్తాయి. గతం ఎవరూ అడగకుండానే వర్తమానంలోకి చొరబడుతుంది, అసలు ఘట్టం దగ్గరికి రాగానే తెగిపోతుంది. ఇద్దరు యువతులూ బతికి నవ్వుతూ తిరిగే ఆ వేసవిని చూస్తున్నంతసేపూ వారిలో ఒకరు మట్టిలో కలిసిందన్న ఎరుక ప్రేక్షకుణ్ణి వదలదు. పోలీసు విచారణ కథ అంచున ఉంటుందే గాని, సత్యం పోలీసుల వల్ల బయటకు రాదు.

'గాలోగ్లాస్' ఇదే పద్ధతిని ఇద్దరు మనుషుల మధ్య బంధానికి కుదించింది. రైలు కింద పడబోయిన జోను కాపాడిన శాండర్, ఆ ప్రాణం ఇక తనదేనన్నట్టు అతణ్ణి గులాముగా చేసుకుని అపహరణ పథకంలోకి దింపుతాడు. జో పాత్రలో అప్పటికింకా కొత్త నటుడైన మైఖేల్ షీన్, శాండర్‌గా పాల్ రిస్ నటించారు. ఇక 'ఎ డార్క్-అడాప్టెడ్ ఐ' ఉరిశిక్షతోనే మొదలవుతుంది. చెల్లెల్ని చంపిన వెరాను ఉరితీసే ఉదయం గడియారం చూస్తూ మౌనంగా కూర్చున్న కుటుంబం, చాలా ఏళ్ల తర్వాత ఆ కేసుపై పుస్తకం రాయబూనిన రచయిత ప్రశ్నలకు జ్ఞాపకాలు తవ్వుకునే మేనకోడలు ఫెయిత్, వీటి మధ్య కథ అల్లుకుంటుంది. తెరమీద ఫెయిత్‌గా హెలెనా బోనమ్ కార్టర్, వెరాగా సీలియా ఇమ్రీ నటించారు. అక్కచెల్లెళ్లు ఏ బిడ్డ కోసం కొట్లాడారో, ఆ బిడ్డను కన్నది ఎవరన్న ప్రశ్నను నవల తేల్చకుండానే వదిలేస్తుంది. డిటెక్టివ్ ఉన్న కథలో అటువంటి ముగింపు లోపమనిపించేది; కుటుంబ జ్ఞాపకమే విచారణ అయిన చోట అదే న్యాయమనిపిస్తుంది.

ఇంతలో ఐటీవీ వైపూ మార్పు వచ్చింది. 1991లో ప్రాంతీయ లైసెన్సుల వేలంలో టీవీఎస్ పాడిన 5.98 కోట్ల పౌండ్ల పాట నిలబెట్టుకోలేనంత పెద్దదని నియంత్రణ సంస్థ భావించడంతో, 1993 జనవరి 1 నుంచి మెరిడియన్ కంపెనీ ఆ ప్రాంతాన్ని చేపట్టింది. రెండెల్ కథలు 2000 వరకు కొనసాగాయి గాని, వాటిలో వెక్స్‌ఫర్డ్ లేని నవలలకూ ఇప్పుడు చోటు దొరికింది. 1994లో కోలిన్ ఫర్త్ నటించిన 'మాస్టర్ ఆఫ్ ది మూర్' అటువంటిదే. డిటెక్టివ్ లేకపోయినా ప్రేక్షకుడు చానల్ మార్చడన్న నమ్మకం అప్పటికి కలిగింది.

మనసును మాట్లాడించే ప్రయత్నాలు

ఈ నమ్మకం వేరే రచయిత్రులకూ దారి తెరిచింది. మినెట్ వాల్టర్స్ నవల 'ది స్కల్ప్‌ట్రెస్'ను బీబీసీ 1996లో సీరియల్‌గా మలిచింది. తల్లినీ చెల్లినీ చంపానని ఒప్పుకుని జైల్లో ఉన్న ఆలివ్ మార్టిన్‌గా పాలీన్ క్వర్క్ నటించగా, ఆమె గురించి పుస్తకం రాయడానికి వచ్చిన రచయిత్రి ప్రశ్నల చుట్టూ కథ నడుస్తుంది. నేరస్తుడి మనసు, దాన్ని ప్రశ్నించే మరో మనసు ఎదురెదురుగా కూర్చోవడం తెరకు ఎంతో అనువైన ఏర్పాటు.

ఆ ఏర్పాటే మరికొంత ముదిరి, ప్రశ్నించేవాడు వృత్తిరీత్యా మనస్తత్వ నిపుణుడైన కథలు వచ్చాయి. వాల్ మెక్‌డర్మిడ్ 1995 నాటి 'ది మర్మెయిడ్స్ సింగింగ్'తో సృష్టించిన టోనీ హిల్ ఆధారంగా ఐటీవీ 2002లో 'వైర్ ఇన్ ది బ్లడ్' మొదలుపెట్టింది. రాబ్సన్ గ్రీన్ పోషించిన ఈ నిపుణుడు హంతకుడి స్థానంలో తనను ఊహించుకుని, తనలో తాను మాట్లాడుకుంటూ, అతడి ఆలోచనలను ప్రేక్షకుడి చెవిన వేస్తాడు. నవలలో కథకుడు చేసే పనిని తెరమీద ఒక పాత్రకు అప్పగించడమిది. ఉపాయం బాగానే ఉన్నా, దానికొక మూల్యం ఉంది: మనసు ఒక కేసుగా మారి, పేరు పెట్టి వివరించగల జబ్బుగా తేలిపోతుంది. పొర్ఫిరీని మిగుల్చుకుని రస్కోల్నికోవ్‌ను పోగొట్టుకున్న పాత కథే మళ్లీ వచ్చింది.

తెర వెనుక నుంచి పాత్ర గొంతు వినిపించే వాయిస్ ఓవర్ రెండో మార్గం. కెరొలైన్ కెప్నెస్ 2014లో రాసిన 'యూ' నవలలో కథకుడు తాను వెంటాడే యువతిని మనసులోనే నువ్వు అని సంబోధిస్తూ పోతాడు. 2018లో లైఫ్‌టైమ్ చానల్‌లో మొదలై తర్వాత నెట్‌ఫ్లిక్స్‌కు మారిన ధారావాహికలో పెన్ బ్యాడ్‌గ్లీ గొంతు ఆ సంబోధనను యథాతథంగా వినిపించింది. ఇక్కడ ఈ పద్ధతి పనిచేయడానికి కారణం, ఆ గొంతు నిజం చెప్పకపోవడమే. అది ప్రేమ అంటున్న చోట దృశ్యం నిఘాను చూపుతుంది. మాటకూ బొమ్మకూ పొంతన కుదరని ఆ ఎడంలోనే పాత్ర మనసు తెలుస్తుంది. గొంతు చెప్పిందే బొమ్మ కూడా చెప్పి ఉంటే వాయిస్ ఓవర్ వట్టి అదనపు బరువయ్యేది.

నిడివి తెచ్చిన విజయం

గిలియన్ ఫ్లిన్ తొలి నవల 'షార్ప్ ఆబ్జెక్ట్స్' 2006లో వెలువడింది. ఒంటిపై పదాలు కోసుకునే అలవాటు నుంచి కోలుకుంటున్న విలేకరి కెమీల్, బాలికల హత్యల గురించి రాయడానికి సొంత ఊరికి తిరిగి వెళ్లే కథ అది. నవల కెమీల్ సొంత గొంతులో సాగుతుంది గాని, 2018లో హెచ్‌బీఓ ఎనిమిది భాగాలుగా చూపినప్పుడు దర్శకుడు జీన్-మార్క్ వాలే ఆ గొంతుపై ఆధారపడలేదు. ఏమీ ప్రకటించకుండా, కొన్నిచోట్ల రెప్పపాటు కన్నా తక్కువసేపు, బాల్యపు దృశ్యాలు వర్తమానంలోకి తెగి పడతాయి. గోడమీదో కారుమీదో ఒక పదం కనిపించి మాయమవుతుంది. చూసినవాడు నిజంగా చూశానో లేదో తేల్చుకోలేని స్థితిలో పడతాడు, అదే ఎమీ ఆడమ్స్ పోషించిన కెమీల్ స్థితి. అంతకు పాతికేళ్ల ముందు ఫైవెల్ సీరియల్ రెండు కాలాలను పక్కపక్కన నడిపింది. వాలే వాటిని ఒకదానిలో ఒకటి కలిపేశాడు.

హైస్మిత్ 1955లో రాసిన 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ' దీనికి మరో కొస. స్టీవెన్ జైలియన్ రాసి, దర్శకత్వం వహించగా ఆండ్రూ స్కాట్ నటించిన ఎనిమిది భాగాల 'రిప్లీ' 2024 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. రాబర్ట్ ఎల్స్‌విట్ ఛాయాగ్రహణంలో దాదాపు మొత్తం నలుపు-తెలుపులో ఉన్న ఈ రచనలో ఫ్లాష్‌బ్యాక్ దాడి లేదు. దాని ఆయుధం నిదానం. ఫ్రెడీ మైల్స్ అనే వ్యక్తిని రోములోని అద్దె ఇంట్లో చంపిన తర్వాత రిప్లీ నెత్తురు తుడవడం, శవాన్ని కిందికి దింపడం, మొరాయించే లిఫ్టు, మెట్ల మీద మిగిలిన మరకలు, అన్నిటినీ గమనిస్తూ కూర్చున్న పిల్లి, ఇవన్నీ కలిసి ఒక భాగంలో అధికాంశం ఆక్రమిస్తాయి. ఇదే నవల ఆధారంగా వచ్చిన 1999 నాటి సినిమా రెండుంపావు గంటల చిల్లరలో కథంతా ముగించవలసి ఉన్నందున అంతసేపు తుడవలేకపోయింది. ఇక్కడ మాత్రం పశ్చాత్తాపమనే భావం ఉండవలసిన చోట ఇంటిపని లాంటి శ్రద్ధ కనిపిస్తుంది. రిప్లీ ఏమనుకుంటున్నాడో ఎవరూ చెప్పరు. అతడు ఎంత ఓపికగా తుడుస్తున్నాడో చూసిన ప్రేక్షకుడికి చెప్పవలసిన అవసరమూ ఉండదు.

1958 నాటి గృహిణి నవ్వు నుంచి రిప్లీ తుడుపు వరకు జరిగిన ప్రయాణాన్ని కళాకారుల ప్రతిభ ఒక్కటే నడపలేదు. నేరస్తుడు తప్పించుకోకూడదన్న నియమం సడలడం, లైసెన్సు రుసుము మీద బతికే సంస్థకు మూడు వారాలు ఒకే చీకటి కథకు కేటాయించే ధైర్యం ఉండడం, ఒక కంపెనీ లైసెన్సు కోల్పోవడం, చివరికి ప్రసార వేళలతో పనిలేని స్ట్రీమింగ్ రావడం, వీటిలో ప్రతి మలుపూ నవలలోని ఒక్కో గుణాన్ని తెరకు అందుబాటులోకి తెచ్చింది. ఆ వెసులుబాటు దొరికిన ప్రతిసారీ మంచి దర్శకులు మనసును వివరించే పాత్రలను తగ్గించుకుని, చూసేవాడే ఆ మనసును ఊహించుకోవలసిన కాలాన్ని పెంచారు.

ఇంగ్లండు, అమెరికాల్లో ఈ మార్పు జరుగుతున్న ఏళ్లలోనే భారతదేశంలో దూరదర్శన్ ద్వారా 1985లో 'కరంచంద్', 1993లో బాసు ఛటర్జీ 'బ్యోమ్‌కేశ్ బక్షీ' తెలుగు ఇళ్లతో సహా దేశమంతటా ప్రేక్షకులను కూర్చోబెట్టాయి. ఆ రెండింటిలోనూ కేంద్రం డిటెక్టివే. శరదిందు బందోపాధ్యాయ రాసిన కథలు హిందీ తెరకు వచ్చిన తీరు, అక్కడ హంతకుడి మనసుకు దొరికిన చోటు వచ్చే భాగంలో.